రైలు సిగ్నలు దీపములు: వెలుగుటయు, ఆరుటయు

విశాఖపట్నములో కంచరపాలెము వద్ద రైలుదారి మీదుగా పోవు వంతెనపై సంధ్యవేళ నిలిచి చూచినచో, క్రింద పట్టాల వెంట ఎఱ్ఱని, పచ్చని, పసుపుపచ్చని దీపములు కానవచ్చును. ఈ నగరమున దీపములకు కొదువ లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభము ఓడలకు దారి చూపుచుండును. రేవులోని దీపములు, ఉక్కు కర్మాగారపు వెలుగులు, సముద్రతీరపు వీధిదీపములు అన్నియు కన్నులపండువుగానే ఉండును. అయినను రైలుదారి ప్రక్కనున్న ఆ చిన్న దీపముల బాధ్యత వేఱు. వీధిదీపము ఆరినచో మనము కొంత విసుగుకొని, తడుముకొనుచు ఇల్లు చేరుదుము. సిగ్నలు దీపము ఆరినచో, అంతకంటె ముఖ్యముగా అది అబద్ధము చెప్పినచో, బండిలోని వందలకొలది జనుల ప్రాణములకు ముప్పు కలుగును.

ఈ శతాబ్దపు ఆరంభము నుండి మన రైల్వేలలో ఈ దీపముల జాతియే మారుచు వచ్చినది. సన్నని తీగ వేడెక్కి వెలుగునిచ్చు బల్బులను తొలగించి, వాని స్థానమున ఎల్.ఇ.డి. దీపములను అమర్చిరి. విద్యుత్తు ఆదా అగును, దీపము చిరకాలము మన్నును, వెలుగు స్పష్టముగా ఉండును అని చెప్పుదురు. ఇవి యన్నియు నిజమే. అయితే సిగ్నలు దీపమును గూర్చి అడుగవలసిన ప్రశ్నలలో ఇవి మొదటివి కావు. అది ఎట్లు వెలుగునని అడుగుటకు ముందు, ఎట్లు ఆరిపోవునని అడుగవలెను. ఆ ప్రశ్నను చేతబట్టుకొని ఈ రెండు దీపములను పోల్చిచూతము.

మొదట బండి సంగతి. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక సెకనులో ఇంచుమించు 28 మీటర్లు ముందుకు పోవును. కన్ను మూసి తెఱచునంతలో పోవు దూరమే స్వల్పము కాదు. బైలదిల్లా గనుల నుండి విశాఖ రేవునకు ఇనుప ఖనిజము తెచ్చు బండ్లు వేల టన్నుల బరువుతో కొండలు దిగి వచ్చును. అట్టి బండిని బ్రేకు వేసిన చోటనే నిలుపుట ఎవరి తరమును కాదు. కావుననే డ్రైవరుకు ముందున్న దారి స్థితి చాల ముందుగా తెలియవలెను. పగలు ఎండలోను, రాత్రి చీకటిలోను, వానలోను, అరకు లోయ పొగమంచులోను ఆ వార్త చెప్పవలసినది ఈ దీపమే.

పూర్వము ఈ పని కిరసనాయిలు దీపము చేసెడిది. స్తంభముపై చేయి వంటి పలక ఒకటి ఉండెడిది. పగలు ఆ చేయి వాలిన తీరును బట్టి, రాత్రి దాని వెనుక వెలుగు దీపపు రంగును బట్టి డ్రైవరు బండి నడిపెడివాడు. ఆ చేతికి బిగించిన రంగుగాజులు రెండు. వానిలో ఒకటి ఎఱుపు. రెండవదానిని దగ్గఱకు పోయి చూచిన వారు ఆశ్చర్యపడెడివారు, ఏలయన అది పచ్చగాజు కాదు, నీలపు ఛాయ గలది. కిరసనాయిలు మంట పసుపుపచ్చగా ఉండును గనుక, నీలపు గాజులోనుండి చూచినప్పుడు ఆ వెలుగు ఆకుపచ్చగా తోచెడిది. దీపపు గుణమెఱిగి గాజును ఎన్నుకొనిన పెద్దల తెలివి అది.

ఆ కాలముననే రైలువారు ఒక గొప్ప పాఠము నేర్చుకొనిరి. ఇంగ్లాండులో మొదట ఎఱుపు ఆగుమనుటకును, ఆకుపచ్చ జాగ్రత్త చెప్పుటకును, తెలుపు సాగిపొమ్మనుటకును గుర్తులుగా ఉండెడివి. అయితే ఎఱ్ఱగాజు పగిలిపోయినచో ఏమగును? వెనుకనున్న దీపము తెల్లగా కనబడును. ఆగుమనవలసిన సిగ్నలు పొమ్మని చెప్పును. ఈ ప్రమాదమును గుర్తించి, పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములలో తెలుపును విడిచి ఆకుపచ్చనే సాగిపొమ్మను గుర్తుగా స్థిరపఱచిరి. సాధనము చెడిపోవుట తప్పదు, చెడినప్పుడు అది ఆగుమనియే చెప్పవలెను. రైలు సిగ్నలు శాస్త్రమంతయు ఈ ఒక్క మాటపై నిలిచియున్నది. నేటికిని వెలుగవలసిన సిగ్నలు వెలుగకున్నచో, డ్రైవరు దానిని ఎఱ్ఱదీపముగానే భావింపవలెనని నియమము.

కిరసనాయిలు తరువాత విద్యుద్దీపము వచ్చినది. దాని తీగ టంగ్‌స్టను అను లోహముతో చేయబడినది. ఆ లోహము 3,400 డిగ్రీల సెంటీగ్రేడు దాటిననే గాని కరగదు. విద్యుత్తు ప్రవహించినప్పుడు అది తెల్లగా కాలి వెలుగునిచ్చును. కాని ఆ వెలుగు మిక్కిలి ఖరీదైనది. వ్యయమైన శక్తిలో నూటికి అయిదు పాళ్ళకు అటునిటుగా మాత్రమే కంటికి కనబడు వెలుగగును. తక్కినది వేడి. ఆ కొద్ది వెలుగును ఎఱ్ఱగాజు గుండ పంపినప్పుడు, ఎఱుపు తప్ప తక్కిన రంగులనన్నిటిని గాజు మింగివేయును. అనగా పది బుట్టల ధాన్యము దంచి పిడికెడు బియ్యము తీసుకొనుట వంటి పని. సిగ్నళ్ళలో వాడుకలో ఉండిన బల్బులు సామాన్యముగా 12 వోల్టులు, 24 వాట్టులు గలవి. అంత చిన్న దీపము చాల దూరమునకు కనబడుటకు కారణము దాని ముందున్న కటకము. తీగ సరిగా కటకపు నాభియందు ఉన్ననే వెలుగు సూటిగా పోవును. కొద్దిగా ప్రక్కకు జరిగినచో ఆ వెలుగు డ్రైవరు కంటికి గాక పొలములకు పోవును.

ఈ తీగకు ఆయువు తక్కువ. వెలుగుచున్నంతసేపు లోహము కొద్దికొద్దిగా ఆవిరియై గాజు లోపలివైపున నల్లగా పేరుకొనును, తీగ సన్నబడును. 1,000 గంటల ఆయువుగల బల్బు రేయింబవళ్ళు వెలిగినచో నలువది రెండు దినములకే తీరిపోవును. చల్లగానున్న తీగకు నిరోధము తక్కువ గనుక, మీట నొక్కిన క్షణమున విద్యుత్తు ఒక్కుమ్మడిగా దూకును. బల్బులు వెలిగించునప్పుడే టప్పున ఆరిపోవుట మన ఇండ్లలోను చూచియుంటిమి.

ఈ లోపమునకు రైలువారు కనుగొనిన ఉపాయములు ముచ్చటైనవి. వానిలో మొదటిది బల్బునకు వోల్టేజి తగ్గించుట. పదింట ఒక వంతు తగ్గించినచో వెలుగు మూడింట ఒక వంతు తగ్గును గాని, ఆయువు ఇంచుమించు నాలుగు రెట్లు పెరుగును. రెండవది ఒకే బల్బులో రెండు తీగలు పెట్టుట. ఒకటి తెగినచో రెండవది వెంటనే వెలుగును. మూడవది సిగ్నలు సూచనల అమరికలోనే కలదు. ఎఱుపు ఆగుమనును. పసుపు ఒకటి వెలిగినచో రాబోవు సిగ్నలు వద్ద ఆగుటకు సిద్ధపడుమని అర్థము. రెండు పసుపులు వెలిగినచో అంత తొందర లేదు, కొంత జాగ్రత్త చాలును. ఆకుపచ్చ సాగిపొమ్మనును. ఈ రెండు పసుపులలో ఒకటి ఆరిపోయినదనుకొందము. మిగిలినది ఒక పసుపు. అనగా దీపము చెడి, ఉన్నదానికంటె ఎక్కువ జాగ్రత్తయే చెప్పినది. తలుపు విఱిగినను మూసికొనియే విఱిగినట్లు చేసిన ఏర్పాటిది.

నాలుగవ ఉపాయము మిక్కిలి ముఖ్యమైనది. ప్రతి దీపపు తీగమార్గమున రిలే అను కావలివాడొకడు ఉండును. బల్బులో విద్యుత్తు ప్రవహించుచున్నంత వఱకు ఆ రిలే పట్టు విడువదు. తీగ తెగి ప్రవాహము ఆగినంతనే విడుచును. ఎఱ్ఱదీపము ఆరినదని రిలే చెప్పగానే, దానికి వెనుకనున్న సిగ్నలు తానే ఎఱ్ఱబడును. ఆరిన దీపము వద్దకు బండి రాకముందే వెనుకటి దీపము దానిని ఆపును. ఇదంతయు తీగబల్బునకున్న ఒక సుగుణముపై ఆధారపడియున్నది. ప్రవాహమున్నచో వెలుగున్నది, వెలుగు లేనిచో ప్రవాహము లేదు. తీగ తెగుట దాచుకొనదగిన విషయము కాదు. బ్రతికియుండుటయు, చచ్చుటయు తప్ప దానికి నడిమి స్థితి లేదు. తీగబల్బు అల్పాయుష్షు గలదే గాని, సత్యసంధమైనది.

ఇక ఎల్.ఇ.డి. దీపము. ఇది కాంతినిచ్చు డయోడు. ఇందులో కాలు తీగ లేదు, మంట లేదు. రెండు విధములైన అర్ధవాహక పదార్థముల కూడలిలో విద్యుత్తు ప్రవహించునప్పుడు ఆ పదార్థపు గుణమును బట్టి ఒక రంగు వెలుగు పుట్టును. 1907లోనే హెచ్. జె. రౌండ్ అను ఆంగ్లేయుడు ఒక స్ఫటికమున ఇట్టి వెలుగును గమనించెను. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎఱ్ఱని వెలుగునిచ్చు డయోడును నిర్మించెను. రైలు సిగ్నలుకు తగినంత తేజోవంతమైన ఆకుపచ్చ డయోడు జపానులో 1990 దశకపు నడుమ గాని సిద్ధము కాలేదు. దానికి మార్గము తెఱచిన నీలి డయోడును సాధించిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురకు 2014లో నోబెల్ బహుమతి లభించెను.

ఈ దీపపు మొదటి మేలు రంగు స్వయముగా పుట్టుట. దంచి చెరుగవలసిన పని లేదు, ఎఱ్ఱ డయోడు ఎఱ్ఱవెలుగునే ఇచ్చును. కావున తక్కువ విద్యుత్తు చాలును. ఆ ఆదా విలువ తుపాను వచ్చినప్పుడు తెలియును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విఱుచుకుపడినప్పుడు నగరము దినముల తరబడి చీకటిలో నుండుట మనము మఱువలేదు. అట్టివేళ బ్యాటరీలపై ఆధారపడవలసిన ఏ దీపమైనను తక్కువ త్రాగునదైననే మేలు. రెండవ మేలు, ఇది ఒక దీపము కాదు, దీపముల గుంపు. ఒకటి రెండు ఆరినను తక్కినవి వెలుగుచుండును. బండ్ల అదురునకు తెగు తీగయు ఇందులో లేదు. మూడవ మేలు ఆయువు. 50,000 మొదలు 1,00,000 గంటల వఱకు మన్నునని లెక్క. అనగా అయిదారేండ్ల నుండి పదకొండేండ్ల దాక.

నాలుగవ మేలు మన ఊరి ఎండకు సంబంధించినది. దువ్వాడ నుండి విశాఖపట్నము వచ్చు బండి మొత్తముమీద తూర్పుముఖముగా నడచును. ఉదయము సూర్యుడు డ్రైవరు కన్నులలో పడును. సాయంకాలము వెనుకనుండి వచ్చు వాలుటెండ సిగ్నలు ముఖమున పడును. పాత సిగ్నలులో ఆ ఎండ రంగుగాజును దాటి లోనికి పోయి, తిరిగి బయటికి వచ్చి, వెలుగని దీపమును వెలిగినట్లు చూపెడిది. ఎల్.ఇ.డి. సిగ్నలు ముందు రంగులేని గాజునే అమర్చవచ్చును. అప్పుడు ఎండ తిరిగి వచ్చినను రంగు పులుముకొని రాదు. అబద్ధపు వెలుగు చాలవఱకు తగ్గును.

ఇన్ని సుగుణములు గల దీపము ఎట్లు ఆరిపోవును? చిక్కు ఇచటనే కలదు. ఎల్.ఇ.డి. తీగబల్బు వలె ఒక్కసారిగా చావదు. ముసలితనమువలె మెల్లమెల్లగా మసకబాఱును. నిన్నటి వెలుగునకును నేటి వెలుగునకును భేదము ఎవరికిని తెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట ఒకనాటి మధ్యాహ్నపు ఎండలో, ఉండవలసినంత దూరమునకు ఆ ఎఱుపు కనబడకపోవచ్చును. ఆ దీపము ఆరలేదు, చాలినంతగా వెలుగుటయు లేదు. తీగబల్బునకు లేని నడిమి స్థితి ఇదియే.

కావలివాడైన రిలేకును ఇది క్రొత్త చిక్కు తెచ్చినది. పాత రిలే పెద్ద ప్రవాహమునకు అలవాటుపడినది. ఎల్.ఇ.డి. త్రాగునది స్వల్పము గనుక, వెలుగుచున్న దీపమును సైతము ఆరినదని అది భ్రమపడవచ్చును. దానివలన బండ్లు ఆలస్యమగునే గాని ప్రాణములకు భయము లేదు. భయమంతయు దీనికి విపర్యయమైన సందర్భమున. ఎల్.ఇ.డి. దీపపు పెట్టెలో డయోడులతో పాటు వానికి విద్యుత్తును క్రమపఱచి ఇచ్చు ఇతర పరికరములు ఉండును. డయోడులు ఆరిపోయినను ఆ పరికరములలో ప్రవాహము సాగుచుండిన ఎడల, దీపము వెలుగుచున్నదనియే రిలే నమ్మును. కావుననే రైలు సిగ్నలు కొఱకు చేయు ఎల్.ఇ.డి. దీపములకు ప్రత్యేక నిబంధనలు విధింపవలసి వచ్చినది. రిలే గుర్తింపదగినంత ప్రవాహమును అవి తీసుకొనవలెను, డయోడులు హద్దుకు మించి ఆరినప్పుడు ప్రవాహమును తామే తగ్గించుకొని రిలేకు నిజము చెప్పవలెను. అనగా తీగబల్బునకు పుట్టుకతో వచ్చిన సత్యమును ఎల్.ఇ.డి.కి శిక్షణతో నేర్పవలసి వచ్చినదన్నమాట.

మఱియొక విశేషము. మన రైలుదారులపై 25,000 వోల్టుల విద్యుత్తీగలు సాగుచున్నవి. వాని ప్రభావమున, ప్రక్కన పాతిన సిగ్నలు కేబుళ్ళలో కొంత విద్యుత్తు ఎవరును పంపకుండగనే పుట్టును. బరువైన తీగబల్బు ఆ కొద్దిపాటి విద్యుత్తునకు చలింపదు. తేలికైన ఎల్.ఇ.డి. మాత్రము మినుకుమనవచ్చును. వెలుగగూడని పచ్చదీపము మినుకుమన్నచో ఎంత అనర్థమో చెప్పనక్కఱలేదు. అందువలన ఒక హద్దుకు తక్కువైన వోల్టేజికి ఈ దీపములు బొత్తిగా వెలుగకుండునట్లు చేయుదురు. ఇవిగాక వేడి యొకటి. మే నెల ఎండలో కాలు ఇనుపపెట్టెలో డయోడులును, వాని పరికరములును త్వరగా వయసు మీరును. సముద్రపు ఉప్పుగాలి లోహపు అతుకులను తినివేయును. బొగ్గుధూళి, ఖనిజపు ధూళి గాజుపై పేరుకొనును.

ఈ ధూళి మాటతో మాకు ఒక సంగతి స్ఫురించుచున్నది. కిరసనాయిలు కాలమున లాంపుమాన్ స్తంభమెక్కి నూనె పోసి, వత్తి సవరించి, గాజు తుడిచి దిగెడివాడు. తీగబల్బు కాలమునను బల్బు మార్చుటకు మనిషి తఱచుగా పోయెడివాడు. పోయినవాడు గాజు తుడిచెడివాడు, దీపము సూటిగా చూచుచున్నదా, చెట్టుకొమ్మ అడ్డు వచ్చినదా అని కనిపెట్టెడివాడు. దీపపు అల్పాయుష్షే మనిషిని దానియొద్దకు రప్పించెడిది. చిరంజీవియైన ఎల్.ఇ.డి. తనకు ఎవరును రానక్కఱలేదన్నట్లు నిలుచుండును. నిజమునకు దానిని చూచి రావలసిన పని తగ్గలేదు, చూడక తప్పని నిర్బంధము మాత్రమే తగ్గినది. ఈ రెంటికిని గల భేదమును మఱచితిమా, ఆదా చేసిన సొమ్ము ఒకనాడు ఎంతో హెచ్చు వడ్డీతో చెల్లింపవలసి వచ్చును.

దీపము ఎంత మంచిదైనను దాని వెలుగు చివరకు చేరవలసినది మనుష్యుని కంటికే. 1875లో స్వీడను దేశమున లాగర్‌లుండా వద్ద రైళ్ళు ఢీకొనిన పిమ్మట, సిబ్బందికి రంగులు తెలియకపోవుటయే కారణమేమోయని హోల్మ్‌గ్రెన్ అను శాస్త్రజ్ఞుడు అనుమానించి, రంగు ఉన్నిపోగులతో వారి చూపును పరీక్షించు పద్ధతిని కల్పించెను. నేడు రంగుల చూపు పరీక్షలో నెగ్గనిదే ఎవరును బండి నడుపజాలరు. కాని కన్ను మంచిదైనంత మాత్రమున చాలునా?

2023 అక్టోబరు 29వ తేదీ సాయంకాలము విశాఖపట్నము నుండి బయలుదేరిన రెండు పాసింజరు బండ్లు, పలాసకు పోవునదియు, రాయగడకు పోవునదియు, విజయనగరము జిల్లాలో కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ ఢీకొనినవి. ముందు బండిని వెనుక బండి తాకెను. పదిమందికి పైగా మరణించిరి. చెడిపోయియున్న స్వయంచాలక సిగ్నళ్ళను దాటునప్పుడు పాటింపవలసిన నియమములు పాటింపబడలేదని ప్రాథమిక విచారణలో తేలినట్లు వార్తలు వెలువడినవి. వెనుక బండి నడిపినవారును ఆ ప్రమాదముననే అసువులు బాసిరి. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. సిగ్నలు చెడినప్పుడు భారమంతయు ఒక్కసారిగా మనిషిపై పడునని జ్ఞప్తిచేయుట మాత్రమే మా ఉద్దేశము. ఆగుమనుచు నిలిచిన దీపమును చెడినదని తెలిసి దాటవలసి వచ్చినప్పుడు, దీపము ఇక ఏమియు చెప్పజాలదు. నియమమే అప్పటి దీపము. సిగ్నలు సూచనను ఇంజనులోనికే తెచ్చి, డ్రైవరు ఏమఱినను బ్రేకు వేయు కవచ్ అను ఏర్పాటును దేశమున క్రమక్రమముగా అమర్చుచున్నారు. అది అంతటను వచ్చువఱకును, వచ్చిన పిమ్మటను, దారి ప్రక్కనున్న దీపము నిజము చెప్పుచునే ఉండవలెను.

అయినచో ఈ రెంటిలో ఏది మేలు? ఎల్.ఇ.డి.యే మేలని మా అభిప్రాయము. తీగబల్బునకు తిరిగి పోవలసిన పని లేదు. కాని తీగబల్బు నేర్పిన పాఠమును మాత్రము విడువరాదు. దీపము కొనునప్పుడు ఎంతకాలము వెలుగునని అడిగినట్లే, చెడినప్పుడు ఆ మాట ఎట్లు చెప్పునని అడుగవలెను. ఆరకున్నను, వెలుగు తగ్గిన దీపమును కాలము ప్రకారము కొలిచి మార్చవలెను. బల్బు మార్చు పని లేకున్నను, మనిషి స్తంభము వద్దకు పోయి గాజు తుడిచి రావలెను.

చివరకు ప్రయాణికులమైన మనకు ఒక మాట. దూరప్రయాణము చేసి వచ్చి, విశాఖపట్నము స్టేషను కూతవేటు దూరమున ఉండగా బండి సిగ్నలు వద్ద ఆగిపోవుట మన అందఱకు అనుభవమే. సామానులు దింపుకొని తలుపు వద్ద నిలుచుండి, గడియారము చూచుకొనుచు రైలువారిని నాలుగు మాటలు అందుము. ఈసారి అట్లు ఆగినప్పుడు, ముందున్న ఎఱ్ఱదీపమును ఒక్కమాఱు తలచుకొందము. అది తన పని తాను చేయుచున్నది. దానిని తుడిచినవాడు, దాని తీగలను పరీక్షించినవాడు, దానిని చూచి బండి ఆపినవాడు తమ పనులు తాము చేసిరి. మనము ఆలస్యముగానైనను ఇల్లు చేరబోవుచున్నాము.